ఎవరిని లెక్కపెట్టాలి?

(దుర్గాబాయి దేశ్‌ముఖ్ స్మారక ఉపన్యాస పాఠం)



దుర్గాబాయమ్మ పేరు చెప్పగానే మన సభల్లో ఎవరో ఒకరు కాకినాడ సంగతి ఎత్తుతారు. ఇవాళ ఆ పని నేనే చేస్తాను. 1923 డిసెంబరులో కాకినాడలో కాంగ్రెస్ మహాసభ జరిగింది. పక్కనే ఖద్దరు ప్రదర్శన పెట్టారు. గేటు దగ్గర వాలంటీరు పద్నాలుగేళ్ల దుర్గాబాయి. టికెట్ లేకుండా వచ్చిన ఒకాయన్ని ఆ పిల్ల ఆపేసింది. ఆయన జవాహర్‌లాల్ నెహ్రూ. నిర్వాహకులు వచ్చి టికెట్ కొనిచ్చాకే లోపలికి వదిలింది. నిబంధన అంటే అందరికీ ఒకటే అని చెప్పడానికి ఈ కథ వాడుకుంటాం. వాడుకోవలసిందే. కానీ నాకు ఇందులో ఇంకో సంగతి కూడా కనిపిస్తుంది. ఆగింది నెహ్రూ గారు కాబట్టి టికెట్ కొనిపెట్టే వాళ్లు పక్కనే ఉన్నారు. మన సంక్షేమ పథకాల గేటు దగ్గర ఆగిపోయే ఆడమనిషికి పక్కన ఎవరూ ఉండరు. చంకలో బిడ్డ ఉంటుంది. కాగితం లేదంటే వెనక్కి తిరిగి వెళ్లిపోతుంది. వచ్చి వెళ్లిందని ఏ రిజిస్టరులోనూ ఎక్కదు.

స్త్రీ శిశు సంక్షేమ శాఖలో సూపర్‌వైజరుగా చేరి, సీడీపీవోగా రిటైరైన మనిషిని నేను. రిజిస్టర్లు రాయించాను, సంతకాలు పెట్టాను. కాబట్టి ఇవాళ నేను మాట్లాడేది రిజిస్టరు లోపలి విషయమే. కూలికో ఉద్యోగానికో పోయే తల్లి తన బిడ్డను పగటిపూట వదిలి వెళ్లడానికి ప్రభుత్వం డబ్బు పెట్టి నడిపే, లేదా యజమాని చేత నడిపించే కేంద్రం ఉంది చూశారూ, మనం క్రెష్ అంటాం, శిశు సంరక్షణ కేంద్రం అంటాం. దానికి ఎవరు అర్హులు? ఈ ప్రశ్నకు మన చట్టాలు, పథకాలు డెబ్బై ఏళ్లకు పైగా జవాబు చెబుతూనే ఉన్నాయి. నా ఫిర్యాదు ఒక్కటే. లెక్కపెట్టవలసిన వాళ్లను వదిలేసి వేరే వాళ్లను లెక్కపెడుతున్నాయి.

1948 ఫ్యాక్టరీల చట్టం 48వ సెక్షన్ చూడండి. ముందు యాభై మందికి మించి ఆడవాళ్లు పనిచేసే ఫ్యాక్టరీలో క్రెష్ ఉండాలన్నారు. 1976లో సవరించి ముప్పై మందికి మించితే చాలన్నారు. మంచి ఉద్దేశమే. 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం 35వ సెక్షన్ కూడా అదే దారి పట్టింది. యాభై మందికి మించి మహిళా కార్మికులుంటే ఆరేళ్లలోపు పిల్లలకు గది కట్టాలంది. ఇక్కడ ఆగి ఆలోచించండి. ఆడవాళ్ల తలలు లెక్కపెట్టి ఖర్చు యజమాని నెత్తిన పెడితే ఆయన ఏం నేర్చుకుంటాడు? ముప్పై దగ్గర ఆగిపోవడం నేర్చుకుంటాడు. ముప్పై ఒకటో ఆడమనిషికి పని దొరకదు, ఆ ముప్పై మంది పిల్లలకు క్రెష్ రాదు. ఒక్క నిబంధనతో రెండు నష్టాలు.

2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించినప్పుడు ఈ తప్పును కొంత దిద్దారు. సెలవు 26 వారాలు చేశారు. ఆడా మగా తేడా లేకుండా మొత్తం 50 మంది ఉద్యోగులున్న ప్రతి సంస్థా క్రెష్ పెట్టాలన్నారు. తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చన్నారు. 2020 సామాజిక భద్రతా స్మృతి ఈ యాభై లెక్కనే ఉంచి, కొన్ని సంస్థలు కలిసి ఒక్క క్రెష్ నడుపుకునే వీలిచ్చింది. ఆ స్మృతి 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. హైటెక్ సిటీలో, ఔటర్ వెంబడి ఆఫీసు టవర్లలో గాజు గోడల వెనక రంగురంగుల బొమ్మలతో కనిపించే డేకేర్లకు వెనక ఉన్న బలం ఇదే. అవి రావడం నాకు సంతోషమే. అయితే ఈ యాభై అన్న అంకె పక్కన ఇంకో అంకె పెట్టి చూడండి. ఆరో ఆర్థిక గణన ప్రకారం దేశంలో 5.85 కోట్ల సంస్థలుంటే వాటిలో పనిచేసేవాళ్లు దాదాపు 13.13 కోట్ల మంది. సగటున సంస్థకు 2.24 మంది. టైలరింగ్ షాపు, కర్రీ పాయింట్, జిరాక్స్ సెంటర్, పచ్చళ్ల యూనిట్, నర్సింగ్ హోమ్: మన ఆడవాళ్లు ఎక్కువగా పనిచేసేవి ఇవి. పొలం కూలి ఈ లెక్కలోకే రాదు. రెండున్నర మంది కూడా లేని చోట యాభై మంది కోసం చూసే చట్టం ఎవరి బిడ్డను ఎత్తుకుంటుంది?

సరే, పెద్ద పనిచోట్లయినా లెక్క సరిగ్గా తేలుతుందా? ఇటుక బట్టీల దగ్గర తేలదు. సంగారెడ్డి, రంగారెడ్డి, పెద్దపల్లి వైపు బట్టీలకు పశ్చిమ ఒడిశా నుంచి, ముఖ్యంగా బొలంగీర్, నువాపడా జిల్లాల నుంచి కుటుంబాలు వస్తాయి. పంట కోతలైపోయాక వచ్చి వానలు పడేదాకా ఉంటాయి. అక్కడ కూలి మనిషికి కాదు, జట్టుకు. ఆ జట్టును పథురియా అంటారు. మొగుడు, పెళ్లాం, వాళ్లతో ఒకరో ఇద్దరో పిల్లలు కలిస్తే ఒక పథురియా. కూలీలను కుదిర్చే సర్దారు వాళ్లు ఊళ్లో ఉండగానే అడ్వాన్సు చేతిలో పెడతాడు. వెయ్యి ఇటుకలకు ఇంత అని రేటు కడతారు. మట్టి పిసికేది ఆమె, అచ్చు పోసేది ఆయన, ఆరబెట్టిన ఇటుకను తిప్పేది ఏడెనిమిదేళ్ల పిల్ల. పుస్తకంలో మాత్రం పేరు ఆయన ఒక్కడిదే. అలాంటి ఒక బట్టీలో పుస్తకం తెరిపించి చూశాను. మహిళా కార్మికులు అన్న గడిలో అడ్డగీత గీసి ఉంది. నేను నిలబడ్డ చోటు నుంచే పది పదిహేను మంది ఆడవాళ్లు మట్టి మోస్తూ కనబడుతున్నారు. తార్పాలిన్ గుడిసె నీడలో సిమెంటు సంచీ పరిచి దాని మీద ఓ పసివాణ్ణి పడుకోబెట్టారు. వాడి కాలికి పాత చీర పీలిక కట్టి, రెండో కొస గుంజకు ముడేశారు. పాకుతూ పోయి మట్టి గోతిలో పడకుండా అదే కాపలా. చట్టం దృష్టిలో ఆ ఆవరణలో ఆడ కూలీలు సున్నా, కనుక క్రెష్ అవసరం సున్నా. ఆరేళ్లు దాటిన పిల్లల కోసం కొన్నిచోట్ల ఒడియాలో చెప్పే పనిస్థలం బడులైనా నడిచాయి. గుంజకు కట్టిన ఆ బిడ్డ ఎవరి పద్దులోనూ లేడు.

హైదరాబాదులో భవనాల పనిచోట కథ కొంచెం వేరు. బిల్డరు కింద కాంట్రాక్టరు, కాంట్రాక్టరు కింద మేస్త్రీ, మేస్త్రీ కింద పదీ పన్నెండు మంది. అక్కడ నాలుగొందల మంది పనిచేస్తున్నా ఎవరి జాబితాలోనూ యాభై మంది ఆడవాళ్లుండరు.

ఇక యజమానిని వదిలి ప్రభుత్వ క్రెష్‌ల దగ్గరికి వద్దాం. 1975లో పనిచేసే తల్లుల, జబ్బుతో ఉన్న తల్లుల పిల్లల కోసం కేంద్ర ప్రభుత్వం ఒక పథకం మొదలుపెట్టింది. దాన్ని నడిపిన సంస్థల్లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఒకటి. 1953లో ఆ బోర్డుకు తొలి అధ్యక్షురాలు దుర్గాబాయమ్మే. స్వచ్ఛంద సంస్థల చేతికి ప్రభుత్వ డబ్బిచ్చి పని చేయించే పద్ధతికి గట్టి పునాది వేసింది ఆవిడ. ఆంధ్ర మహిళా సభ నడిపిన అనుభవం ఆవిడది. ఊళ్లో నలుగురు ఆడవాళ్లు కూడితే ఎంత పనవుతుందో ఆవిడకు ఒకరు చెప్పనక్కర్లేదు.

2006లో ఆ పథకమే రాజీవ్‌గాంధీ జాతీయ క్రెష్ పథకం అయింది. నెలకు 12,000 రూపాయల లోపు ఆదాయమున్న కుటుంబాల పిల్లలు అర్హులు. 2017లో పేరు మార్చి జాతీయ క్రెష్ పథకం అన్నారు. ఆరు నెలల నుంచి ఆరేళ్ల దాకా పిల్లలు, కేంద్రానికి 25 మంది, నెలకు 26 రోజులు, రోజుకు ఏడున్నర గంటలు. పేద కుటుంబమైతే నెలకు 20 రూపాయలు, 12,000 లోపు ఆదాయముంటే 100, దాటితే 200 రుసుము. పదకొండేళ్లలో బియ్యం, నూనె, ఇంటద్దె ఎక్కడికి పోయినా ఆ పన్నెండు వేల గీత మాత్రం కదల్లేదు. ఇంకో షరతు ఉండేది. తల్లి నెలలో కనీసం పదిహేను రోజులు, లేదా ఏడాదిలో ఆరు నెలలు పనిచేస్తూ ఉండాలి.

ఈ చివరి షరతు గురించే నాకు ఎక్కువ చెప్పాలనిపిస్తుంది. వినడానికి న్యాయంగానే ఉంటుంది: పనికిపోయే తల్లికే కదా క్రెష్ కావలసింది? కానీ పని ఎట్లా దొరుకుతుందో తెలిసిన వాళ్లెవరూ ఈ వాక్యం రాయరు. బిడ్డను చూసే దిక్కుంటే కదా ఆమె పనికి పోయేది! పని చూపిస్తే బిడ్డను తీసుకుంటామంటారు, బిడ్డను తీసుకుంటే పని చూసుకుంటానంటుంది. పైగా ఆ పని రుజువు చేయమంటే ఎవరు సంతకం పెడతారు? నాలుగిళ్లలో అంట్లు తోమే మనిషికి ఏ అమ్మగారైనా పని ధ్రువపత్రం రాసిస్తారా? మిర్చి కోతల సీజన్లో రోజుకో చేలోకి ఆటోలో పోయే కూలికి ఏ రైతు రాసిస్తాడు? భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో నమోదుకు కూడా ఏడాదిలో తొంభై రోజులు పనిచేసినట్టు చూపించాలి. ఆ సర్టిఫికెట్ పట్టుకు రావడానికి పోయిన కూలి రోజులను ఎవరూ లెక్కగట్టరు. గుంటూరు, ఖమ్మం పల్లెల్లో నేను చూసిన తల్లులకు ఫిబ్రవరిలో నెలంతా పని, జూన్‌లో నాలుగు రోజులే పని. ఫిబ్రవరిలో అర్హురాలు, జూన్‌లో అనర్హురాలు. బిడ్డ మాత్రం రెండు నెలల్లోనూ ఆ బిడ్డే.

ఆదాయం సంగతీ అంతే. ఆంధ్రప్రదేశ్‌లో ఉన్న వాళ్లకు సంక్షేమ పథకాలకు చేసే ఆరంచెల పరిశీలన అంటే వివరించి చెప్పక్కర్లేదు. గ్రామ, వార్డు సచివాలయాల్లో సిక్స్ స్టెప్ అంటారు. నెల ఆదాయం పల్లెల్లో పది వేలు, పట్టణాల్లో పన్నెండు వేలు దాటకూడదు, కరెంటు సగటున నెలకు మూడొందల యూనిట్లు మించకూడదు, కారు ఉండకూడదు, పొలం ఇన్ని ఎకరాలే ఉండాలి... ఒక మీటరు మీద మూడు వాటాలు అద్దెకుంటే ముగ్గురూ కలిపి కాల్చిన యూనిట్లు ఒకరి పేరు మీద పడతాయి. ఆ ఒకరి సంక్షేమం ఆగిపోతుంది. అర్జీ పెట్టి, విద్యుత్ ఆఫీసుకు తిరిగి, ఆధార్ సీడింగ్ సరిచేయించుకుని, మళ్లీ సచివాలయానికి వచ్చేసరికి సీజను అయిపోతుంది. బడికెళ్లే పిల్లాడి డబ్బు మూడు నెలలు ఆలస్యంగా వచ్చినా వాడు బడిలోనే ఉంటాడు. ఆరు నెలల బిడ్డకు క్రెష్‌లో చోటు మూడు నెలలు ఆలస్యమైతే తల్లి పని పోయినట్టే.

ఇక్కడే ఆంధ్రప్రదేశ్‌లోనే జరిగిన ఒక మార్పు గుర్తు చేస్తాను. పార్టీల సంగతి పక్కన పెట్టి వినండి. 2020 జనవరిలో మొదలైన అమ్మఒడి ఒక తల్లికి ఒక్క సాయం అంది, ఇంట్లో బడికెళ్లే పిల్లలు ఎందరున్నా సరే. 2025 జూన్‌లో వచ్చిన తల్లికి వందనం ఎంతమంది చదువుకుంటుంటే అంతమందికీ అంది. లెక్క తల్లి నుంచి బిడ్డకు మారింది. ఆ మార్పు సరైనదే. కానీ రెండు పథకాలూ ఒకటో తరగతి నుంచే మొదలవుతాయి. ఆరేళ్ల ముందటి బిడ్డ, అందులోనూ మూడేళ్లలోపు బిడ్డ అక్కడా లేడు. అంగన్‌వాడీ పూర్వ ప్రాథమిక విద్య మూడేళ్లు నిండిన వాళ్లకు. అంతకు చిన్నవాళ్లకు బాలామృతం ప్యాకెట్ ఇంటికి వెళుతుంది, బిడ్డ కేంద్రానికి రాడు. 26 వారాల సెలవు అయిపోయిన నాటి నుంచి మూడో పుట్టినరోజు దాకా రెండున్నరేళ్లు ఖాళీ. ఆ సెలవైనా ఉన్నది కొద్దిమందికే.

కాగితం మీద రాయని అర్హత నిబంధన ఒకటుంది. గడియారం. హైదరాబాదులో రోడ్లు ఊడ్చే అమ్మలు తెల్లవారక ముందే చీపురు పట్టుకుంటారు. పత్తి ఏరే వాళ్లను ఎక్కించుకునే ట్రాలీ ఆరింటికి బయల్దేరుతుంది. కేంద్రం తలుపు తొమ్మిదింటికి తెరుచుకుంటుంది. సీడీపీవోగా తనిఖీకి వెళ్లినప్పుడు రిజిస్టరులో పాతిక పేర్లుంటే చాప మీద తొమ్మిది మంది పిల్లలుండేవారు. మిగిలిన వాళ్లేరమ్మా అంటే, ‘అమ్మలతో చేలోకి పోయారు మేడమ్’ అనేది టీచరు. అబద్ధం కాదు. ఆ పదహారు మందే నిజంగా అవసరమున్న వాళ్లు. పనివేళకు తెరవని కేంద్రానికి అందరూ అర్హులే, అవసరమున్న వాళ్లు తప్ప.

ఇంత చెప్పాక, పిల్లలను లెక్కపెట్టడం అనేది నా సొంత కల్పన కాదని కూడా చెప్పాలి. మన చట్టాల్లోనే అక్కడక్కడా ఉంటూ వచ్చింది. తోట కార్మికుల చట్టంలో ఆడ కూలీల సంఖ్యతో పాటు, వాళ్ల పిల్లలు ఇరవై మంది ఉన్నా చాలన్న మాట చేరింది. 2005 ఉపాధి హామీ చట్టం రెండో షెడ్యూలు ఇంకా తేటగా చెప్పింది: పనిచోటికి తల్లులతో వచ్చిన ఆరేళ్లలోపు పిల్లలు అయిదుగురు ఉంటే, వచ్చిన ఆడవాళ్లలో ఒకరిని వాళ్లను చూసుకోవడానికి పెట్టాలి, ఆమెకూ కూలి ఇవ్వాలి. ఆదాయం లేదు, సర్టిఫికెట్ లేదు, అయిదు తలలు లెక్కపెడితే చాలు. ఇంత సూటి అర్హత నిబంధన మన దేశంలో ఇంకోటి నేను చూడలేదు. అమలు కాలేదంటారా? చాలాచోట్ల కాలేదు. కొలతల కూలి దగ్గర ఒక మనిషి పారపట్టకుండా కూర్చుంటే మిగతా వాళ్లకు కంటగింపు. పిల్లల్ని చూడటం పనేనని మేట్లూ నమ్మలేదు, మా అధికారులూ నమ్మలేదు. తప్పు వాక్యంలో లేదు. చట్టాల పేర్లు మారతాయి, ఆ వాక్యం పోకుండా చూసుకోవాలి. కర్ణాటక 2023లో నాలుగు వేల గ్రామ పంచాయతీల్లో కూసిన మనె పేరుతో ఉపాధి కూలీల పసిపిల్లలకు కేంద్రాలు తలపెట్టింది ఈ ఆలోచన మీదే.

సుప్రీంకోర్టు కూడా ఇదే దారిలో నడిచింది. ఆహార హక్కు కేసులో 2004 అక్టోబరులో, అంగన్‌వాడీల ద్వారా అందే ఐసీడీఎస్ సేవలకు దారిద్ర్య రేఖను అర్హతగా పెట్టకూడదని తేల్చేసింది. 2006 డిసెంబరు 13న, నలభై మంది ఆరేళ్లలోపు పిల్లలున్న వాడకు అంగన్‌వాడీ లేకపోతే, అడిగిన మూడు నెలల్లో పెట్టాలంది. అంతకుముందే 2002లో 86వ సవరణ 45వ అధికరణాన్ని తిరగరాసింది. ఆరేళ్లు నిండేదాకా పిల్లలందరికీ సంరక్షణా విద్యా అందించడానికి రాజ్యం ప్రయత్నించాలని అందులో ఉంది. అందరికీ అని ఉంది, నెలలో పదిహేను రోజులు పనిచేసే తల్లుల పిల్లలకు అని లేదు. ఆదేశిక సూత్రమే కదా, కోర్టుకెక్కి సాధించలేం కదా అంటారు. నిజమే. కానీ నిబంధనలు రాసే అధికారికి దారి చూపడానికే ఆదేశిక సూత్రాలున్నది.

2022లో మిషన్ శక్తి కింద వచ్చిన పాల్నా పథకం ఈ మాట అందుకుంది. అంగన్‌వాడీ కమ్ క్రెష్‌లో తల్లి ఉద్యోగం చేస్తుందా లేదా అన్నది చూడనక్కర్లేదు, తల్లులందరి పిల్లలూ రావచ్చు. నేను సర్వీసులో ఉండగా చూడాలనుకున్న వాక్యం ఇది. మరి గేటు తెరిచాక లోపల ఎంత జాగా ఉంది? లక్ష్యం 17,000 కేంద్రాలు. దేశంలో అంగన్‌వాడీలు దాదాపు 14 లక్షలు. అంటే ఎనభై కేంద్రాలకు ఒకటి. ఇంకో చేదు లెక్క: పాత క్రెష్ పథకం కింద ఒకప్పుడు 23 వేలకు పైగా కేంద్రాలు నడిచేవి. నిధుల వాటా రాష్ట్రాల వైపు జరిగాక, స్వచ్ఛంద సంస్థలకు డబ్బులు ఆగాక, 2020 నాటికి ఆరున్నర వేల దగ్గరికి వచ్చాయి. అర్హత కాగితం మీద పెరుగుతూ కేంద్రాలు నేల మీద తగ్గడం మనకు కొత్త కాదు.

ఈ జబ్బు మనకొక్కరికే లేదు. అమెరికాలో ఫెడరల్ నిధుల శిశు సంరక్షణ సాయానికి చట్టప్రకారం అర్హులైన ప్రతి ఆరేడుగురు పిల్లల్లో అది అందేది ఒకరికే. అయితే వాళ్ల 2014 చట్టంలో ఒక మంచి నిబంధన ఉంది: ఒకసారి అర్హత తేలితే ఏడాదిపాటు కదిలించకూడదు, మధ్యలో జీతం కొంచెం పెరిగినా సరే. న్యూ మెక్సికో రాష్ట్రం 2025 నవంబరు 1 నుంచి ఆదాయ పరిమితే తీసేసింది. ఆస్ట్రేలియా తల్లిదండ్రుల పనిగంటలను బట్టి సాయం ఇచ్చే పద్ధతి సడలించి, 2026 జనవరి నుంచి వారానికి మూడు రోజుల సబ్సిడీకి పని రుజువు అడగడం మానేసింది. ఇంగ్లండులో మాత్రం తల్లిదండ్రుల్లో ఒక్కరి సంపాదన లక్ష పౌండ్లు దాటినా పనిచేసే తల్లిదండ్రులకిచ్చే ఉచిత గంటలు పూర్తిగా పోతాయి. ఆ గీత దాటకుండా జీతం ఎట్లా సర్దుకోవాలని అక్కడి వాళ్లు తల పట్టుకుంటారు. డాలస్‌లో, మెల్‌బోర్న్‌లో ఉన్న మన పిల్లల సంగతి మీకు తెలియందేముంది. డేకేర్ ఫీజు విని ఇక్కణ్ణుంచి అమ్మమ్మను, ఆవిడ వీసా గడువయ్యాక నాయనమ్మను పిలిపించుకుంటారు. తెలుగు కుటుంబాలకు అసలైన శిశు సంరక్షణ సబ్సిడీ ఆ ఇద్దరే. ఇక్కడ కూలి కుటుంబాల్లో అమ్మమ్మ కూడా కూలికే పోతుంది.

అందరికీ తెరిస్తే ఉన్నవాళ్లే ఎగబడతారని మా శాఖలో ఎప్పుడూ ఒక మాట వినబడేది. ఇంట్లో ఆయాను పెట్టుకోగలిగిన వాళ్లు, నెలకు ఎనిమిది వేల డేకేర్ కట్టగలిగిన వాళ్లు బిడ్డను తెచ్చి అంగన్‌వాడీ చాప మీద వదిలిపోతారని నేను అనుకోను. ఒకవేళ వదిలారే అనుకోండి, నాకు అంతకంటే ఆనందం లేదు. ఎమ్మార్వో గారి మనవడు ఏ కేంద్రంలో ఉంటే ఆ కేంద్రానికి ఫ్యాను తిరుగుతుంది, గుడ్లు లెక్కప్రకారం వస్తాయి.

చోటు పాతికే ఉండి పిల్లలు నలభై మంది వస్తే? ఇది మాత్రం దబాయించి దాటేసే ప్రశ్న కాదు. అప్పుడు వరస కావాలి. మూడేళ్లలోపు బిడ్డ ముందు. ఒంటరి తల్లి బిడ్డ, వైకల్యమున్న బిడ్డ, వలస వచ్చిన బిడ్డ ముందు. వరసలో వెనకున్న తల్లి పేరు రిజిస్టరులో ఉంటుంది, ఇంకో కేంద్రం కావాలని ఆ పేరే సాక్ష్యం చెబుతుంది. అర్హత లేదని పంపేసిన తల్లి పేరు ఎక్కడా ఉండదు. అర్హత నిబంధన కొరతను దాచిపెడుతుంది, వరస కొరతను బయటపెడుతుంది. ప్రభుత్వాలకు మొదటిది ఎందుకు ఇష్టమో ఇక నేను చెప్పనక్కర్లేదు.

డబ్బు మాట. భవన నిర్మాణం విలువలో ఒక శాతం సెస్సు చట్టప్రకారం వసూలవుతోంది. ఆ డబ్బు ఖర్చు కాకుండా బోర్డుల ఖాతాల్లో మూలుగుతోందని సుప్రీంకోర్టు ఎన్నోసార్లు మందలించింది. కోకాపేటలో నలభై అంతస్తులు లేచే చోట, ఆ సెస్సులోంచి కింద ఒక గది రావడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు. ఢిల్లీలో రాజ్‌ఘాట్ దగ్గర గాంధీ శతజయంతి నిర్మాణాలు జరుగుతున్నప్పుడు, 1969లో, మీరా మహదేవన్ ఒక గుడారం వేసి కూలీల పిల్లల్ని చేరదీశారు. మొబైల్ క్రెషెస్ అనే సంస్థ అట్లా పుట్టింది. ఆవిడ ముందు పిల్లల్ని చూశారు. తల్లులెందరని తర్వాత లెక్కపెట్టుకున్నారు.

మనుషుల మాట ఇంకా ముఖ్యం. ఈ కేంద్రాలు నడపవలసింది ఇక్కడ కూర్చున్న అంగన్‌వాడీ టీచర్లు, ఆయాలే. 2023 డిసెంబరు 12 నుంచి 42 రోజులు ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీ టీచర్లు, ఆయాలు జీతాల కోసం, గ్రాట్యుటీ కోసం రోడ్డు మీద కూర్చున్నారు. ప్రభుత్వం ఎస్మా ప్రయోగించింది. వాళ్ల చేతే ఇప్పుడు యాప్‌లో ఫొటోలు ఎక్కించి, ముఖ గుర్తింపు చేయించి, బీఎల్‌వో డ్యూటీ వేసి, ఆపైన ఆరు నెలల పిల్లల్ని కూడా చూడమనడం అన్యాయం. పసిబిడ్డ కేంద్రానికి వస్తే అదనంగా మనిషి రావాలి, ఆ మనిషికి గౌరవ వేతనం కాదు, వేతనం రావాలి. అది లేకుండా అర్హత ఒక్కటే విప్పితే పిల్లల్ని ఒక గదిలో కుక్కినట్టవుతుంది. అట్లాంటి సంస్కరణ నాకు వద్దు.

కాబట్టి నేను కోరేవి పెద్దవేం కావు. ఆవరణ ఎవరిదైనా, కాంట్రాక్టరు ఎవరైనా, అయిదుగురు ఆరేళ్లలోపు పిల్లలున్న చోట పగటి సంరక్షణ ఉండాలి. తల్లిని పని కాగితం అడగకూడదు. చేరిన బిడ్డను ఆరేళ్లు నిండేదాకా మళ్లీ పరిశీలన పేరుతో బయటికి పంపకూడదు, తల్లి పని పోయిన నెలలో అసలే పంపకూడదు. చిరునామా ఒడిశాలో ఉందనో వేలిముద్ర పడలేదనో వెనక్కి తిప్పకూడదు. తలుపు తల్లి బయల్దేరే వేళకు తెరవాలి.

ఈ మాటలు విని ఇంటికి వెళ్లాక మీతో ఒక పని చేయించుకోవాలని ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 55 వేలకు పైగా, తెలంగాణలో 35,700 అంగన్‌వాడీ కేంద్రాలున్నాయి. మీ ఇంటికి దగ్గరలో ఒకటి తప్పక ఉంటుంది. వెళ్లి రెండు అంకెలు అడగండి: ఈ కేంద్రం పరిధిలో మూడేళ్లలోపు పిల్లలెందరు? వాళ్లలో పగలు ఇక్కడ ఉండేది ఎందరు? మొదటి అంకె టీచరు దగ్గర సర్వే రిజిస్టరులో ఉంటుంది. రెండోది చాలాచోట్ల సున్నా. ఆ రెండు అంకెలనూ వచ్చే గ్రామసభలోనో వార్డు సభలోనో చదివి, మినిట్స్‌లో రాయించండి.